మేత లెక్కల పుస్తకంలో పొలుసుపిల్లి

ఈ పుస్తకం రొయ్యల మేతది.
ఏ చెరువుకి ఎన్ని కిలోలు, ఏ ట్రేలో ఎంత మిగిలింది,
ఎడంవైపు పేజీలన్నీ బుల్లబ్బులు గారివి.
కుడివైపువి ఖాళీగా ఉంటాయి.
అవి దానివి.

మొదటిసారి ఏరియేటర్లు ఆగిన రాత్రి చూశాను.
కరెంటు పోయి జనరేటరు దగ్గుతూ ఉంటే
మూడో చెరువు గట్టు మీద
తడి గోనెసంచి లాంటిది లేచి ఒళ్ళు విదిలించింది.
బ్యాటరీ లైటు వేశాను.
ముందు సగం బావురుపిల్లి:
మచ్చలు, పొట్టి చెవులు, విసుగు మొహం.
నడుం దాటాక వెండి.
పులస పొలుసులు, ఒకదాని మీదొకటి
కొత్తింటికి పెంకు పరిచినట్టు.

"అదా? పొలుసుపిల్లి" అంది మా మేనత్త నూకరత్నం,
మడ అడవిలో పీత బొరియల్లో చువ్వ పెట్టి
నలభై ఏళ్ళు వేళ్ళు కొరికించుకున్న మనిషి.
"గట్టిగా అనకు. తిరిగి చూస్తుంది."

వైశాఖం.
గౌతమి పాయలోకి ఉప్పు ఎక్కింది.
దవడ కింద మొప్పలు మూసుకుపోయి
పాత కుట్ల గుర్తుల్లా ఉన్నాయి.
మధ్యాహ్నాలు తెల్లమడ కొమ్మ మీద పడుకుంటుంది.
తోకొక్కటీ నీళ్ళలోకి వేలాడేస్తుంది,
ఎండితే పొలుసు పెట్లుతుంది కాబోలు.

ఆషాఢం ఆఖరు.
ధవళేశ్వరం గేట్లు ఎత్తారని రేడియో చెప్పకముందే
దానికి తెలిసిపోయింది.
మూడు రోజులు తిండి మానేసి
మొగ దగ్గర ఏటికి ఎదురుగా నిలబడింది.
నాలుగో రోజు ఎర్రనీరు తగిలి మొప్పలు తెరుచుకున్నాయి.
లోపల దానిమ్మ గింజల రంగు.

శ్రావణం.
ఒక్క కాన్పుకి రెండే.
ఒకటి బొచ్చుతో, కళ్ళు మూసుకుని.
ఒకటి పొలుసుతో, కళ్ళు తెరుచుకుని.
బొచ్చుదాన్ని మడవేళ్ళ మధ్య దాచింది,
పొలుసుదాన్ని నోట కరుచుకెళ్ళి పాయలో వదిలింది.
నీళ్ళలోదానికి పాలెలా ఇస్తుందో నేను చూడలేదు.
చూడనిది రాయను.
పాయ మీద తెల్లటి మరకొకటి
పోటుతో పైకి వెళ్ళి, పాటుతో కిందికి రావడం
చూశాను. అదే రాస్తున్నాను.

కార్తీక పౌర్ణమి పోటుకి ఆ రెండూ కలిసి ఒకటౌతాయట.
"ఒకటి రాకపోతేనో?" అన్నాను.
అత్త పీత డెక్కకి తాడు బిగిస్తూ
"అప్పుడు రెండోది మామూలు పిల్లి.
లేపోతే మామూలు చేప.
ఊళ్ళో ఉన్నవన్నీ మరేంటనుకున్నావు?" అంది.
ఆ సాయంత్రం రేవులో
వలలు దులిపే చోట ఆరు పిల్లులు కూర్చున్నాయి.
నాలుగు చేపతలల కోసం కొట్టుకుంటున్నాయి.
రెండు ఏటికేసి చూస్తున్నాయి.

భాద్రపదంలో నూట పది కిలోలు తేడా వచ్చింది.
అమావాస్యకి రొయ్యలు గుల్ల విడుస్తాయి,
అది గట్టుకి కొట్టుకొచ్చిన గుల్లలే నాకుతుందండీ అన్నాను.
"గుల్ల తిని బతికే పిల్లికి
అంత పొట్టెందుకురా?" అన్నారు బుల్లబ్బులు గారు.
గట్టు చుట్టూ తీగ లాగించారు.

కాకినాడ కాలేజీ మేడం ఒకావిడ పడవలో వచ్చింది.
బొచ్చుందా, పెంట ఉందా, అడుగుందా అని అడిగింది.
బురదలో చూపించాను:
రెండు పాదాలు, వెనకాల ఒక్కటే పొడుగు గీత.
"ఎవరో బస్తా ఈడ్చారు" అంది.
అన్నాక కూడా చాలాసేపు వంగి చూసింది.
చెప్పులు విప్పి, దాని మీద అడుగు పడకుండా
చుట్టూ తిరిగి వెళ్ళింది.

ఎడంవైపు రోజూ రాస్తున్నాను:
రాత్రంతా తీగకి కరెంటు ఉంది.
కుడివైపు: లేదు.

కార్తీక పౌర్ణమి.
పోటు రాత్రి తొమ్మిదింటికి.
మూడో చెరువు మేత పన్నెండు కిలోలు, ట్రేలో ఏమీ మిగల్లేదు.
అత్త ఫ్లాస్కులో టీ తెచ్చింది, పంచదార మర్చిపోయింది.
లైటు ఆర్పేశాం.
ఎనిమిదిన్నరకి గట్టు మీద
బొచ్చుది వచ్చి కూర్చుంది, ఒక్కటే.